కాపరి దృష్టి, సార్థము స్థితి : రెండు నౌకాసార్థ నవలల పరిశీలనము

యుద్ధమును వర్ణించు రచనలలో శత్రుజయమే ఫలముగా నుండుట సామాన్యము. ఉత్సాహము స్థాయిగా గల వీరరసమునకు జయింపదగిన ప్రతినాయకుడు ఆలంబనమని మన లాక్షణికులు చెప్పిరి. కాని రెండవ ప్రపంచయుద్ధమున అట్లాంటిక్ మహాసముద్రముపై వర్తకనౌకలకు కాపుగా నడచిన యుద్ధనౌకల కథలకు ఈ లక్షణము పూర్తిగా అన్వయింపదు. అచ్చట శత్రువు తరచుగా కంటికి గోచరింపడు. ఓడలు రేవు చేరుటయే విజయము. ఇట్టి వస్తువును గ్రహించిన రెండు ఆంగ్ల నవలలను, నికొలస్ మాన్సరాట్ రచించిన ‘ది క్రూయెల్ సీ’ (1951), సి. ఎస్. ఫారెస్టర్ రచించిన ‘ది గుడ్ షెపర్డ్’ (1955) అనువానిని, ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి. రెండింటను కథ కాపరి నౌక పైనుండియే నడచినది. ఈ దృష్టినియమము వానికి బలమా, లోపమా యనునది మా ప్రశ్న.

మొదట వస్తువును గూర్చి కొంత చెప్పవలెను. వర్తకుల బిడారును ప్రాచీనులు సార్థమనిరి. ఆ మాటను బట్టి కాన్వాయ్‌ను నౌకాసార్థమని వ్యవహరింతుము. వర్తకనౌకలు సమాంతర శ్రేణులుగా కూర్పబడి నడచెడివి. వాని చుట్టును డిస్ట్రాయర్లు, కార్వెట్లు మొదలగు రక్షకనౌకలు కాచుచుండెడివి. అన్నిటికంటె నెమ్మదిగా పోవు ఓడ వేగమే సార్థమంతటికి వేగము. వెనుకబడిన యోడ ప్రమాదము పాలగుట తరచు. జర్మన్ జలాంతర్గాములు గుంపులుగా చేరి, రాత్రివేళ నీటిపైకి తేలివచ్చి టార్పెడోలు ప్రయోగించెడివి. నీటిలోని వస్తువును ధ్వని ప్రతిఫలనముచే పసిగట్టు ఆస్డిక్ యంత్రము నీటిపై తేలియున్న శత్రువును కనుగొనుటకు అంతగా ఉపకరింపలేదు. 1943 మే నెలలో సుమారు 40 జలాంతర్గాములు నష్టము కాగా, జర్మన్ సేనాని డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుండి వానిని మరలించెను. అంతవరకు ఈ పోరు ఊగిసలాడుచునే యుండెను. సార్థము క్షేమముగా, సకాలమున గమ్యము చేరుటయే రక్షకుల ప్రథమధర్మమని బ్రిటిష్ నౌకాదళము విధించెను. కావున నీటిలో పడినవారిని ఎత్తుకొనుటకై ఆగిన రక్షకనౌక తానును గురియగును, కాపులో సందును కల్పించును. దయకును, ధర్మమునకును కలుగు ఈ వైరమే పై నవలలకు మూలకందము.

ఫారెస్టర్ నవలలో సార్థమున నున్నవి 37 వర్తకనౌకలు, వానికి కాపు నాలుగు నౌకలు. నాయకుడు కీలింగ్ అను అమెరికన్ డిస్ట్రాయర్‌కు అధిపతియైన క్రౌజ్. ఆతడు యుద్ధమును పూర్వ మెరుగడు. ఐనను హోదాను బట్టి, యుద్ధమున రాటుదేలిన మిత్రదేశాధికారులపై ఆధిపత్యము వహింపవలసివచ్చెను. సుమారు రెండు దినముల కథను రచయిత నౌకలోని కావలి జాములను బట్టి విభజించెను. క్రౌజ్ మనస్సును దాటి కథ ఒక్క అడుగైనను పోదు. ఆతని కాళ్ల నొప్పి, నిద్రలేమి, ఇంధనమును గూర్చి, మిగిలిన డెప్త్ చార్జీలను గూర్చి చేయు లెక్కలు, నడుమ నడుమ స్ఫురించు బైబిలు వాక్యములు, ఇవియే కథాశరీరము. యోహాను సువార్త పదవ అధ్యాయములోని మంచి కాపరి భావన నామమునందే కలదు. వర్తకనౌకలలోని వారు ఆతనికి సంకేతములుగను, దూరమున మండు వెలుగులుగను మాత్రమే తెలియుదురు. వారి ముఖముల నెరుగకయే వారికై బాధ్యత వహించుట ఆతని విధి. ఈ యేకాగ్రతవలన నవలకు గొప్ప బిగువు కలిగినది. కాని కాపరి హృదయము తెలిసినంతగా మంద హృదయము పాఠకునకు తెలియదు.

మాన్సరాట్ పద్ధతి వేరు. ఆతడు యుద్ధకాలమున కార్వెట్లలో స్వయముగా పనిచేసినవాడు. 1939 మొదలు 1945 వరకు ఏడు సంవత్సరములకు ఏడు భాగములుగా నవలను కూర్చెను. 1941 నాటి భాగమున ప్రసిద్ధమైన ఘట్టమున్నది. మునిగిన యోడనుండి బ్రతికినవారు నీటిలో ఈదుచుందురు. సరిగా వారి క్రిందనే జలాంతర్గామి యున్నట్లు ఆస్డిక్ సూచించును. కంపాస్ రోజ్ కార్వెట్ నాయకుడు ఎరిక్సన్ వారి నడుమనే డెప్త్ చార్జీలు ప్రయోగింప నాజ్ఞాపించును. తమ్ము రక్షింప వచ్చినదని యాశతో చూచినవారు ఆ నౌకవలననే మరణింతురు. శత్రువు మునిగినదనుటకు నిదర్శనమేదియు పైకి రాదు. ఇచట వీరమునకు ఫలము లేదు. నాయకునకు నిశ్చయమనెడి ఊరటయు లేదు. ఒక్కసారి అంగీకరించిన ధర్మమే ఆతనిని జీవితాంతము దహించును.

ఈ ఘట్టము నొక్కదానినే యెత్తి ప్రశంసించుట పరిపాటి. దీనిని 1942 నాటి భాగముతో కలిపి చదువవలెనని మా యభిప్రాయము. ఆ భాగమున కంపాస్ రోజ్ తానే టార్పెడోకు గురియగును. ఎరిక్సన్ మొదలగువారు తెప్పల నాశ్రయించి, చలిలో రాత్రి గడుపుదురు. ఒక్కొక్కరే ప్రాణములు విడువగా తెల్లవారునప్పటికి కొలదిమంది మాత్రమే మిగులుదురు. నీటిలోనివారిని పైనుండి చూచినవాడు ఇప్పుడు నీటిలోనుండి చూచుచున్నాడు. రక్షకుడు రక్షింపదగినవాడయ్యెను. ఫారెస్టర్ నవలలో లేని యీ పరివర్తనమువలననే మాన్సరాట్ రచన, శిల్పమున కొంత వదులైనను, రసమున మిన్నయైనదని తలచుచున్నాము. కరుణమునకు ఆలంబనము వేరొకడు కాక తానే యైనపుడు కలుగు జ్ఞానము అందు కలదు.

ఐనను ఒక కొరత మిగిలియే యున్నది. ఇచట భారతారణ్యపర్వమందలి నలోపాఖ్యానమును స్మరించుట అసంగతము కాదు. నలునిచే విడువబడిన దమయంతి యొక వర్తకసార్థమును చేరును. నడిరేయి అడవియేనుగులు నిద్రించుచున్న ఆ సార్థముపై బడి త్రొక్కివేయును. అచ్చట కథ సార్థవాహునితో నిలువదు. సార్థమున చేరిన యొక దిక్కులేని స్త్రీతోను, బంధువులను కోల్పోయి విలపించువారితోను నిలుచును. ఆపద కారణము తెలియక, ఈ యపరిచితయే కారణమని కొందరు నిందించుటయు చెప్పబడినది. దాడికి గురియైనవారి భయము, అవివేకము, శోకము, మూడును మనకు దక్కినవి. పై నవలలలో దక్కనిది ఇదియే.

ఈ కొరత భారతీయ పాఠకునకు ప్రత్యేకముగా తోచవలెను. ఆ యుద్ధమున బ్రిటిష్ వర్తకనౌకలలో పనిచేసినవారిలో లాస్కర్లని పిలువబడిన భారతీయ నావికులు వేలకొలది కలరు. సిల్హెట్, చిట్టగాంగు, కొంకణము, గోవా మొదలగు ప్రాంతములనుండి వచ్చినవారు వీరిలో పెక్కురు. వీరిలో చాలమంది ఓడ యడుగున, బాయిలర్ల కడ, నిప్పు వేయుచు పనిచేసిరి. టార్పెడో తగిలినపుడు అచ్చటివారికి పైకి వచ్చుటకు అవకాశము మిక్కిలి తక్కువ. మరణించిన అవిభక్త భారత వర్తకనావికులు సుమారు 6,000 మంది నామములు ఒక పుస్తకమున చేర్చబడి, దాని ప్రతులు ముంబయిలోను, నేటి బంగ్లాదేశమందలి చిట్టగాంగులోను స్మారకములుగా నుంచబడినవి. ఇన్ని నామములు గల జనసమూహమునుండి ఈ రెండు నవలలలో ఒక్కడైనను ప్రధానపాత్రగా రాలేదు.

రచయిత తా నెరిగినదానినే వ్రాయవలెను గాని ఎరుగనిదానిని వ్రాయలేదని నింద మోపుట న్యాయమా యని ప్రశ్నింపవచ్చును. ఆ యాక్షేపము సమంజసమే. కాపరి వంతెనపై నిలిచినవాడు అచ్చటనుండి కనబడినదానిని చెప్పుట ఔచిత్యము. తన దృష్టికి గల యెల్లను ఎరిగి దానిలోనుండియే విషాదమును సాధించినందున ఫారెస్టర్‌నకును, ఆ యెల్లను ఒక్కసారి దాటినందున మాన్సరాట్‌నకును మనము ఋణపడియున్నాము. దోషము విమర్శకునిది. ఈ నవలలను నౌకాసార్థ చరిత్రకు సమగ్ర చిత్రములుగా బోధించినపుడు, రక్షించినవాని దుఃఖమే దుఃఖమని, రక్షింపబడనివాని మరణము దానికి ఉద్దీపనమాత్రమని విద్యార్థి గ్రహించును. కథ యెవని కన్నులనుండి చెప్పబడినది, ఎవడు దానిలో సంఖ్యగా మిగిలెను అను ప్రశ్నను యుద్ధసాహిత్య పరిశోధకులు ప్రతి రచనకును వేయవలెనని మా మనవి. బాయిలరు కడ నిలిచినవాని కన్నులతో చూచిన నౌకాసార్థ నవలకు ఈ రెండు రచనలు స్థానమును ఖాళీగా విడిచినవి.