దొడ్డిలో దొరికిన కొమ్ములకు విలువెక్కడిది?

నవంబరు మొదటివారం, అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. విస్కాన్సిన్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే పెద్దాయన వెనకాలే అడవిలో నడుస్తున్నాను. మంచె కట్టిన చెట్టు ఇంకో వంద గజాలుందనగా ఆయన ఆగారు. జేబులోంచి ఓ ఎండుకాయ తీసి, అందులోని దూదిపోగు ఒక్కటి గాలిలోకి వదిలారు. మన జిల్లేడుకు దాయాది మొక్క అది. చిన్నప్పుడు మనం ఊదుకుంటూ ఆడుకున్న దూదే. ఆ పోగు ముందుకు తేలి, వాగు దగ్గర మలుపు తిరిగి, జింకలు పడుకునే పొదలవైపు సాగిపోయింది. అది కనుమరుగయ్యేదాకా చూసి, మాటా పలుకూ లేకుండా వెనక్కి తిరిగారు. ఆ పూటకి వేట అయిపోయింది. అమ్ములపొదిలోంచి ఒక్క బాణమైనా బయటికి తీయలేదు.

తెల్లతోక జింక కంటిని మోసం చేయొచ్చేమోగానీ ముక్కును చేయలేం. పొద్దెక్కి నేల వేడెక్కేకొద్దీ గాలి మిట్టకు ఎక్కుతుంది, సాయంత్రం చల్లబడి పల్లానికి జారుతుంది. అందుకే పెద్దాయనకి పొద్దుటికో మంచె, సాయంత్రానికో మంచె. మగజింక కొమ్ములు రుద్దిన చెట్టుకి బెరడు ఏ పక్క లేచిందో చూసి అది ఎటునుంచి వచ్చిందో చెప్పేస్తారు. కాలితో నేల గీరిన చోట వంగి తడి చూస్తారు. అన్నిటికన్నా నాకు అబ్బురం వయసు కట్టడం. కొమ్ముల వంక చూడనే చూడరు. మెడ రొమ్ములో కలిసిపోయిందా, పొట్ట జారిందా, నడుం కుంగిందా అని చూస్తారు. ఎంత అందమైన కొమ్ములున్నా, మూడేళ్లదైతే వదిలేస్తారు.

బాణం వదిలే క్షణంలో ఇంకా కఠినం. జింక పూర్తిగా పక్కకి తిరిగి ఉండాలి, లేదా కాస్త అవతలికి మళ్లి ఉండాలి. ఎదురురొమ్ము మీద వేయరు, పరుగెడుతుంటే వేయరు. వేశాక కనీసం అరగంట కదలరు. గులాబీరంగు నురగ కనిపిస్తే ఊపిరితిత్తులకు తగిలినట్టు, నల్లగా చిక్కగా ఉంటే కాలేయానికి. అప్పుడు గంటల తరబడి ఆగాలి, తొందరపడి తరిమితే గాయపడ్డ ప్రాణి ఎక్కడో దిక్కులేక చస్తుంది. ఓసారి ఆయన రాత్రంతా మోకాళ్ల మీద పాకుతూ ఆకుల మీద చుక్కలు వెతకడం కళ్లారా చూశాను.

దీన్నే వాళ్లు ఫెయిర్ చేజ్ అంటారు. ధర్మవేట అని నా మాట. 1887లో థియొడోర్ రూజ్వెల్ట్, జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఈ మాటకు కట్టుబాటు తెచ్చింది. జంతువు స్వేచ్ఛగా తిరిగే అడవి ప్రాణి అయ్యుండాలి, తప్పించుకునే దారి దానికి ఉండాలి. అమెరికాలో ఈ కాలపు విల్లువేటకైతే మూలపురుషుడు ఇషీ. 1911లో కాలిఫోర్నియా కొండల్లోంచి ఒంటరిగా బయటికొచ్చిన యాహీ తెగ మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్న డాక్టర్ శాక్స్టన్ పోప్ పేరు కూడా కలుపుకుని 1961లో విలుకాళ్ల క్లబ్ పుట్టింది.

ఈ క్లబ్బుల రికార్డు పుస్తకాలకెక్కాలంటే కొమ్ములను అరవై రోజులు ఆరనిచ్చి, అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కొలుస్తారు. కుడి ఎడమల తేడా తీసేస్తారు. ధర్మంగానే వేటాడానని సంతకం కూడా పెట్టాలి. 1965లో ఇల్లినాయ్‌లో మెల్ జాన్సన్ సోయా చేను అంచున నేలమీదే మాటువేసి, మామూలు రికర్వ్ విల్లుతో కొట్టిన జింక కొమ్ముల మొత్తం కొలత 204 4/8 అంగుళాలు. అంతటి పని ఇంకొకరు చేయగలరా! 1914లో జేమ్స్ జోర్డన్ మా విస్కాన్సిన్‌లోనే కొట్టిన జింక 206 1/8. తలను బొమ్మగా మలచడానికి తీసుకున్న మనిషి ఊరు వదిలి పోవడంతో ఆ కొమ్ములు మాయమై, 1958లో పాత సామాన్ల అమ్మకంలో మూడు డాలర్లకు దొరికాయి. 1978లో అవి జోర్డన్‌వేనని తేల్చేసరికి ఆయన కన్నుమూశారు. 1993లో ఆ రికార్డును 213 5/8తో దాటిన మైలో హాన్సన్ సస్కచెవాన్ రైతు. వీళ్లెవరూ కొమ్ములు కొనుక్కోలేదు.

ఇప్పుడు కొంటున్నారు! ఓ తెలుగు మిత్రుడు పిలిస్తే టెక్సస్‌లో ఒక వేట తోటకి వెళ్లాను. చుట్టూ ఎనిమిదడుగుల కంచె. గేటు దగ్గర ధరల పట్టీ: ఇన్ని అంగుళాలకి ఇన్ని డాలర్లు. సీసాపాలు తాగి పెరిగిన జింక, టైమర్ పెట్టిన డబ్బాలోంచి మొక్కజొన్న గింజలు రాలిన చప్పుడుకి మేకపిల్లలా వచ్చి నిలబడింది. మనిషిని చూసి బెదరలేదు కూడా. తుపాకీ పేలింది, ఫొటో దిగారు, వాట్సాప్‌లో పెట్టారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. కృత్రిమ గర్భధారణతో, మేపుతో పెంచిన ఆ కొమ్ములు చెట్టంత ఉన్నా బూన్ అండ్ క్రాకెట్ పుస్తకంలో చోటు దొరకదు. దొరకకూడదు! దొడ్డిలో గొర్రెను కొట్టి పులిని చంపానని చెప్పుకున్నట్టే ఇది.

ఇది పరువుతో పోయేది కూడా కాదు. జింకల మెదడును తూట్లుపొడిచి చంపే సీడబ్ల్యూడీ జబ్బు లక్షణాలను 1967లో కొలరాడోలో మొదట గమనించింది బోనులో ఉంచిన జింకల్లోనే. దానికి మందు లేదు. 2015లో టెక్సస్ పెంపకపు దొడ్డిలోనూ బయటపడింది. లారీల్లో జింకల్ని ఊరూరా తిప్పే వ్యాపారం ఆగకపోతే, పెద్దాయన అడవికీ ముప్పే. మొంటానా జనం 2000లో ఓటు వేసి ఈ దొడ్డివేటను మూయించారు. దీన్ని ఇంకా సాగనిస్తున్న రాష్ట్రాలకు ఆపాటి సిగ్గు ఎందుకు లేదు?

మన నేలమీద 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట దాదాపు మూతపడింది, మంచిదే. కృష్ణజింక మీద తుపాకీ ఎత్తేవాడిని నేను సమర్థించను. నా మొర ఇక్కడి తెలుగు కుర్రాళ్లకు. బాబూ, వారాంతపు ప్యాకేజీలు కొనకండి. మీ పక్కవీధిలో ఇలాంటి పెద్దాయన ఒకరు తప్పకుండా ఉంటారు. వెళ్లి అడగండి. మొదటి ఏడాది విల్లు ముట్టుకోకండి, ఆయన వెనక నడవండి, ఎండుకాయలోంచి దూది తీసి గాలి చూడటం నేర్పమనండి.