ఎదుటివాడి దివాలాపై పందెం

వాటికన్‌లో దైవశాస్త్రపు తప్పొప్పులు చూసే కార్యాలయానికి క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్‌తో ఏం పని? 2018 మేలో వచ్చిన ‘ఎకనామికే ఎత్ పెకునియారియే క్వెస్తియోనెస్’ అనే పత్రం తెరిస్తే ముందు వచ్చే సందేహం ఇదే. మొత్తం 34 పేరాలు. ఆ కార్యాలయం, సమగ్ర మానవాభివృద్ధి విభాగం కలిసి తయారుచేస్తే పోప్ ఫ్రాన్సిస్ ఆమోదించారు. మనిషి గౌరవం, అందరి మేలు అంటూ సాగే మొదటి భాగంలో, పాత పోపుల లేఖలు చదివినవాళ్లకు కొత్తదనం పెద్దగా కనిపించదు. అసలు పనితనమంతా 26వ పేరాలో ఉంది.

అది డెరివేటివ్‌ల గురించి, అంటే వేరే ఆస్తి విలువను బట్టి తమ విలువ మారే ఒప్పందాల గురించి. ప్రసంగాల్లో అయితే ఈ మాట వినపడగానే ‘జూదం’ అని కొట్టిపారేస్తారు. ఈ పేరా రాసినవాళ్లకు ఆ తొందర లేదు. నష్టభయం నుంచి కాపాడుకోవడానికే ఇవి పుట్టాయని ముందే ఒప్పుకుంటారు. ఒక కంపెనీ బాండ్లు కొన్న బ్యాంకు ఉందనుకుందాం. రేపు ఆ కంపెనీ చేతులెత్తేస్తే నష్టం భరించమని ఇంకో సంస్థకు విడతలవారీగా రుసుము కడుతుంది. ఇదే క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్. ఇందులో తప్పేముంది? బీమా లాంటిదే. మరి ఒక్క బాండు కూడా లేనివాడు అదే ఒప్పందం కొంటే? ఇప్పుడు కంపెనీ మునిగితేనే అతనికి లాభం. పేరా అక్కడితో ఆగదు. అలాంటివాడు మునగాలని కోరుకోవడమే కాదు, ముంచడానికీ పూనుకోవచ్చంటుంది. పనిముట్టును వదిలేసి, అది ఎక్కడ వంకర తిరిగిందో ఆ కీలు మీదే వేలు పెట్టడం నాకు నచ్చిన నేర్పు.

కొనేవాడికి సొంత నష్టభయం ఉందా లేదా అన్న ఈ కొలబద్ద చర్చి కొత్తగా కనిపెట్టింది కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో తమకేమీ కానివాళ్ల ప్రాణాల మీద పాలసీలు కొని పందేలు కాసేవారు. 1774లో పార్లమెంటు చట్టం చేసి ఆపింది. బాండు లేకుండా ప్రభుత్వ అప్పుల మీద స్వాప్‌లు కొనడాన్ని యూరోపియన్ యూనియన్ 2012 నవంబరు నుంచి నిషేధించింది. 2007 చివరికి అన్ని రకాల క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్‌ల కాగితపు విలువ సుమారు 60 లక్షల కోట్ల డాలర్లు. ప్రపంచ జీడీపీ అంత! మరుసటి ఏడాది సెప్టెంబరులో, వీటిని విచ్చలవిడిగా అమ్మిన బీమా సంస్థ ఏఐజీని నిలబెట్టడానికి అమెరికా కేంద్ర బ్యాంకు 8,500 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించాల్సి వచ్చింది.

పందెం కాసేవాళ్లు కూడా ఉంటేనే బీమా కోరేవాడికి సరైన ధర దొరుకుతుందని మార్కెట్ వాళ్లంటారు. తీసిపారేయాల్సిన వాదన కాదది. పేరాలో దానికి నేరుగా జవాబు లేకపోవడం లోటే.

పత్రంలో మిగతా చాలా చోట్ల ఇంత పదును లేదు. బ్యాంకుల మధ్య అప్పుల వడ్డీకి ప్రమాణంగా ఉండిన లైబార్ రేటులో జరిగిన మోసాన్ని నేరమని సూటిగానే అంటుంది. బ్యాంకుల్లో నైతిక కమిటీలు పెట్టాలన్న సూచన దగ్గరికొచ్చేసరికి మాత్రం కలం మెత్తబడింది. ఆ కమిటీ వద్దన్నా బోర్డు కానిచ్చేస్తే ఏం చేయాలో చెప్పలేదు.