మఠపు పీపా, తాటిచెట్టు కుండ

పలాసనుండి వజ్రపుకొత్తూరు మీదుగా సముద్రమువైపు సాగు దారిలో, జీడితోటలును కొబ్బరితోటలును తెరపి యిచ్చినచోట, ఇసుకగట్లమీద తాటిచెట్లు నిలిచియుండును. మాఘము మొదలుకొని ఎండలు ముదురువరకు, తెల్లవారుజామున, నడుమునకు మోకు బిగించి, మొలకు కత్తియు కుండయు వ్రేలాడ, మనుష్యుడొకడు నిట్టనిలువు మ్రాని నెక్కుచుండుట అచ్చట కానవచ్చును. యాతవారును శ్రీశయనులును తరతరములుగా నెరపుచున్న యీ విద్యను కల్లుగీత యని తేలికగా ననివేయుదుము గాని, అందలి శాస్త్రమును విచారించినవారు మనలో నరుదు.

గీయుట వేరు, కోయుట వేరు. పూగెలలను కొన్నాళ్లు కర్రలతో మెల్లగా నొక్కి మెత్తబరచి, కట్టగట్టి, కొనలను చెక్కిన పిమ్మటగాని రసము ఊరదు. ఊరిననాటినుండి ఉదయమొకపరి, సాయంకాలమొకపరి, పలుచని పొరను మాత్రమే తీయవలెను. తక్కువైనచో గాయము మానిపోయి ధార నిలిచిపోవును, ఎక్కువైనచో గెల కాలము తీరకమునుపే హరించును. టెక్కలి సమీపమున ఒక వృద్ధుని కత్తిని చేతబట్టి చూచితిని. నూరి నూరి సగము వెడల్పునకు తరిగిన దాని అంచును నేను తాకబోగా, ఆయన నా మణికట్టు పట్టుకొని, "ముట్టకండి బాబూ, రగతం వస్తాది" అనెను.

కుండలో దిగిన రసము పుట్టుకచే తియ్యనిది. నూటికి పదిపాళ్లకు పైగా చక్కెర. కుండ లోపల సున్నము పూసినచో నీరాగా నిలుచును, కాచినచో తాటిబెల్లమగును. సున్నము లేనిచో, గాలిలోను, గెలమీదను, నిన్నటి కల్లు ఇంకిన మట్టిగోడలలోను కాపురమున్న ఈస్టులును బాక్టీరియాయు కొన్ని గడియలలోనే నురుగు రేపును. ఉదయమున తీపి, సాయంకాలమునకు పులుపు, మరి రెండు దినములు గడచినచో నోట పెట్టరాని కాడి.

గాలికే వదలి పులియనిచ్చు నిట్టి పద్ధతి బెల్జియమునను కలదు. బ్రస్సెల్సు పరిసరములందు, గోధుమలును మొలకెత్తించిన బార్లీయు ఉడికించిన కషాయమును చలిరాత్రి వెడల్పాటి తొట్టిలో తెరచియుంచి, ఆ ప్రాంతపు గాలి తాకిన పిదప కొయ్యపీపాలలో ఏండ్లతరబడి నిలువచేసి, లాంబిక్ అను బీరు చేయుదురు. అచ్చటి ట్రాపిస్టు క్రైస్తవ మఠముల తీరు వేరు. స్వహస్తశ్రమచే జీవింపుమన్న బెనెడిక్టు నియమము ననుసరించి, 1836 నుండి వెస్ట్‌మాల్ సన్న్యాసులు బీరు కాచుచున్నారు. వచ్చిన ధనము మఠపోషణమునకును ధర్మకార్యములకును చెందును. ఓర్వాల్ మఠమువారు సీసాలో నింపునపుడు అడవిజాతి ఈస్టును చేర్చుటచే, దాని రుచి మాసమాసమునకు మారును. 2016లో యునెస్కో బెల్జియపు బీరు సంస్కృతిని మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. తగిన గౌరవమే.

లాంబిక్ మూడేండ్లు వేచియుండగలదు. మన కల్లు మూడుపూటలు వేచియుండలేదు. చెట్టునీడను విడిచిన క్షణమునుండి తన గుణమును కోల్పోవును గనుకనే అది సీసాకెక్కి నగరములకు పోజాలదు. పట్టణములలో కల్లు పేర అమ్ముడుపోవు కల్తీనీళ్లను చూచి దీనిని నిందించుట అన్యాయము. నింద యటుండగా, ఈ విద్యయే అంతరించుచున్నది. 2018 అక్టోబరున తిత్లీ తుపాను ఈ ఉద్దానప్రాంతపు కొబ్బరిని నేలగూల్చినపుడు ఊళ్లకూళ్లు విలపించినవి. తాటి విషయమున తుపాను అక్కరలేకయే నష్టము జరుగుచున్నది: ఆ వృద్ధుని కుమారు లిరువురును చెట్టెక్కుట నేర్వలేదు.

ఆయన ఆనాడు దిగివచ్చి, నురుగుమీద తేలు చీమలను తాటాకుకొనతో తొలగించి, దొన్నెలో పోసి నాకిచ్చెను. కుండను మాత్రము కడుగలేదు. అడుగున మిగిలిన గుక్కెడు మడ్డిని అట్లే యుంచి, మరుసటి చెట్టువైపు నడచెను.