చేత్తో చేసిన భయం

1978 వసంతకాలం. దక్షిణ కాలిఫోర్నియాలోని సౌత్ పసడీనా వీధుల్లో చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. అక్కడ తీస్తున్న సినిమా కథేమో అక్టోబర్ నెలాఖరున, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఓ చిన్న ఊళ్లో జరగాలి. ఆ రోజులకి అక్కడ ఆకులు పండి రాలిపోతుంటాయి. అందుకని యూనిట్ వాళ్లు ఆకులకు రంగు పూసి, సంచుల్లో మోసుకొచ్చి రోడ్డు మీద చల్లారు. షాట్ అయ్యాక ఊడ్చి మళ్లీ సంచులకెత్తి, తర్వాతి షాట్‌కి మళ్లీ చల్లారు. డబ్బు లేదు మరి. జాన్ కార్పెంటర్ తీసిన ఆ 'హాలోవీన్' సినిమా మొత్తానికి ఖర్చు మూడు లక్షల డాలర్ల పైచిలుకు.

హంతకుడు మైకేల్ మయర్స్ తొడుక్కున్న ముసుగు ఖరీదు దాదాపు రెండు డాలర్లు. 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కిర్క్ ముసుగది, దుకాణంలో కొన్నదే. కళా దర్శకుడు టామీ లీ వాలెస్ దాని కనుబొమలూ చెంపల మీది జుట్టూ పీకేసి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టాడు. కోపమూ లేదు, నవ్వూ లేదు, ఆ మొహంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే నిద్రపట్టనివ్వదు.

న్యూజెర్సీలో అక్టోబర్ ఎండ పలచబడగానే నేను ఆ సినిమా పెట్టుకుంటాను. లోగుట్టు తెలిస్తే భయం పోతుందని చాలామంది అంటారు. నా విషయంలో అలా జరగలేదు. అవి రంగు పూసిన ఆకులని తెలుసు, ముసుగు సంగతీ తెలుసు. అయినా కంచె పక్కన ఆ తెల్లమొహం కనబడగానే గుండె ఝల్లుమంటుంది. పైగా ఆ ఆకులు ఊడ్చిన చేతుల మీద గౌరవం కూడా కలుగుతుంది. నాకు ఈ రెండూ కలిసి వచ్చినప్పుడే హారర్ సినిమా నిండుగా అనిపిస్తుంది.

సంగీతం కూడా కార్పెంటర్ చేసుకున్నదే. సంగీతం మాస్టారైన వాళ్ల నాన్న చిన్నప్పుడు బోంగోల మీద నేర్పిన అయిదు దెబ్బల లెక్క అది. కచేరీలు వినే అలవాటున్నవాళ్లు చేత్తో తాళం వేసి చూడండి, ఖండచాపు గుర్తుకొస్తుంది. నాలుగో దెబ్బ దగ్గర ఆగుదామనుకున్న చెవిని ఆ అయిదో దెబ్బ ముందుకు తోసేస్తుంది. కుదురుగా కూచోనివ్వదు.

ఇక వంటగదిలోకి వెళ్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. హిచ్‌కాక్ 'సైకో' (1960)లో స్నానాల గదిలో నీళ్లతో కలిసి కారిన రక్తం చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమాలో అసలు రక్తం కంటే అదే నమ్మకంగా కనిపిస్తుంది. కత్తిపోట్ల చప్పుడు కోసం కర్బూజా జాతి పండును పొడిచారు. జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' (1968)లో కూడా రక్తమంటే చాక్లెట్ సిరపే.

రంగుల సినిమాకి చాక్లెట్ పనికిరాదు. మొక్కజొన్న పాకం కావాలి. హాలోవీన్ పండగకి మా ఇంట్లో ఏటా కలిపేది కూడా అదే: గ్లాసెడు పాకం, వంటలో వాడే ఎర్రరంగు, చెంచాడు కోకో పొడి. ఎర్రరంగు ఒక్కటే వేస్తే రస్నాలా మెరుస్తుంది, ఎవరూ నమ్మరు. కోకో పడగానే ఆ మెరుపు చచ్చి, గోధుమ ఛాయ దిగుతుంది. నీలం రంగు ఒక్క చుక్క పడితే లోతు వస్తుంది. చెంచా ఎత్తి చూడాలి. తీగలా జారితే గాయం మీంచి కారడానికి సరిపోతుంది, గడ్డలా పడితే ఎండిన మరకకి బాగుంటుంది. మా అమ్మాయి అయిదారేళ్లప్పుడు టీవీలో రక్తం కనబడితే కళ్లు మూసుకునేది. తన చేత్తో కలపడం మొదలుపెట్టాక, "ఇది పలచగా ఉందమ్మా, కోకో సరిపోలేదు" అని సినిమాలకు వంకలు పెడుతోంది.

'ఎగ్జార్సిస్ట్' (1973) మేకప్ చేసిన డిక్ స్మిత్ ఈ పనిలో మహానుభావుడు. ఆయన 1965లో పిల్లల కోసం ఓ పుస్తకం రాశాడు. ఇంట్లో దొరికే వస్తువులతో రాక్షసుడి వేషం ఎలా వేసుకోవాలో అందులో చెప్పాడు. వృత్తి రహస్యాలు దాచుకునే కాలంలో ఆయన అడిగినవాళ్లందరికీ విప్పి చెప్పాడు. అలా ఉత్తరం రాసి పరిచయమైన కుర్రాళ్లలో రిక్ బేకర్ ఒకడు. తర్వాత మేకప్‌కి ఆస్కార్ పోటీ పెట్టినప్పుడు మొదటి బహుమతి 'యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్' (1981)కి గాను ఆ బేకర్‌కే దక్కింది. అడిగిన పిల్లవాడికి విసుక్కోకుండా చెప్పిన ఆ పెద్దమనిషి అంటే నాకెంతో ప్రేమ.

ఇక పండగ తినుబండారాల్లో నా ఓటు మంత్రగత్తె వేళ్లకి. వెన్న బిస్కెట్ పిండిని చిటికెన వేలి కంటే సన్నగా చుట్టాలి, కాలినప్పుడు అది ఉబ్బుతుంది. చాకు మొనతో కణుపుల దగ్గర మూడేసి గీతలు పెట్టి, చివర పొట్టు తీసిన బాదంపప్పును గోరులా అదమాలి. కాలాక ఆ గోరు మెల్లగా ఎత్తి, కింద కాస్త ఎర్ర జామ్ పెట్టి మళ్లీ నొక్కితే, అంచుల్లోంచి ఊరి బయటికొస్తుంది. పళ్లెంలో వరసగా పేర్చకండి, చెల్లాచెదురుగా పడేయండి. పక్కింటివాళ్ల పిల్లలు ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకుంటారు చూడండి, నేను పడ్డ శ్రమంతా ఆ ఒక్క క్షణం కోసమే.

గుమ్మడికాయ చెక్కడం ఐర్లండ్ వాళ్లతో అమెరికా వచ్చిన అలవాటు. అక్కడ వాళ్లు టర్నిప్ దుంపల్ని తొలిచి మొహాలు చేసేవారు. ఇక్కడికి వలస వచ్చాక గుమ్మడికాయ పెద్దది, మెత్తనిది, చెక్కడానికి సులువని దానికి మారారు. మూత కోసేటప్పుడు కత్తి లోపలికి వాలేలా ఏటవాలుగా పట్టుకోండి. నిటారుగా కోస్తే మూత లోపల పడిపోతుంది. గోడ అంగుళం మందానికి వచ్చేదాకా గరిటెతో గీకాలి, లేకపోతే దీపం వెలుగు బయటికి రాదు. చెక్కడానికి అమ్మే కాయ నీరు నీరుగా ఉంటుంది, దప్పళానికి పనికిరాదు. గింజలు మాత్రం కడిగి ఆరబెట్టి, ఉప్పూ కారం పట్టించి వేయించుకుంటే బాగుంటాయి.

"దెయ్యాల పండగ మనకెందుకమ్మా" అని ఫోన్లో మా అత్తయ్య అడుగుతుంది. మన ఊళ్లలో కొత్తింటి ముందు బూడిద గుమ్మడికాయకి కోరలూ మీసాలూ గీసి వేలాడదీయమా? గుమ్మం ముందు భయంకరమైన మొహం ఉంచితే చెడు లోపలికి రాదని వాళ్లూ అనుకున్నారు, మనమూ అనుకున్నాం. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. మా వీధిలో తెలుగిళ్ల మెట్ల మీద ప్రమిదల పక్కనే గుమ్మడికాయలు వెలిగాయి. మిఠాయిల కోసం తలుపు తట్టిన పిల్లలకి కొన్ని ఇళ్లలో చాక్లెట్లతో పాటు మైసూర్‌పాక్ కూడా పెట్టారు. పరాయిదనం ఏమీ కనిపించలేదు నాకు.

వేషాల సంగతికొస్తే, డ్రాకులా నిటారు కాలర్‌కి ఓ కారణం ఉంది. 1920ల్లో బ్రిటన్‌లో నాటకంగా ఆడినప్పుడు, నటుడు చూసేవాళ్లకి వీపు తిప్పి, వేదికలోని రహస్య తలుపు గుండా మాయమవ్వాలి. తల జారుకోవడం ఎవరికీ కనబడకుండా ఆ ఎత్తు కాలర్ అడ్డం పెట్టారు. 1931లో బేలా లుగోసీ సినిమాలో నటించాక ఆ నల్ల కేప్ ఆయనదైపోయింది, 1956లో చనిపోతే కేప్‌తోనే పాతిపెట్టారు. ఇది కుట్టుకోవడం కష్టమేం కాదు. పాత నల్లచీర, లోపల ఎర్రగుడ్డ, కాలర్‌లో గట్టి బక్రం చాలు. దుకాణంలో ప్యాకెట్‌లో వచ్చే పాలిస్టర్ కేప్‌కి కాలర్ మెడమీద వాలిపోతుంది. వాలిన కాలర్‌తో డ్రాకులా లేడు.

మన సినిమాల్లో కూడా బాగా భయపెట్టినవి ఇలా పనితనం మీద నిలబడ్డవే. రామ్ గోపాల్ వర్మ 'రాత్రి' (1992)లో నన్ను వణికించింది రేవతి మొహం, కెమెరా నడక, మణిశర్మ నేపథ్య సంగీతం. కోడి రామకృష్ణ 'అరుంధతి' (2009)లో సోనూ సూద్ పశుపతికి రవిశంకర్ ఇచ్చిన గొంతు తీసేసి చూడండి, సగం భయం పోతుంది. ఈ మధ్య కంప్యూటర్‌లో పుట్టిన పొగదెయ్యాలు తెరనిండా ఎగురుతుంటే నాకు చలనం కూడా కలగడం లేదు. అక్కడ ఎవరి చెయ్యీ కనబడదు.

ఈసారి దుకాణంలో కొనే జాబితాలోంచి ఒక్క వస్తువు తీసేసి, అది ఇంట్లో చేయండి. రక్తమే అయితే పిల్లల్నే కలపనివ్వండి. కింద పాత పేపర్లు పరచడం మాత్రం మరవకండి, ఆ ఎర్రరంగు గట్టు మీద పడితే ఓ పట్టాన వదలదు.