అరచేతిలో ఉడుత

కొమ్మ మీంచి జారిపడి తలకు దెబ్బ తగిలిన ఉడుతను చూడగానే ఎవరికైనా దాని నోట్లో కాసిన్ని నీళ్లు పోయాలనిపిస్తుంది. వన్యప్రాణుల సంరక్షణలో చేయి తిరిగినవాళ్లు ఆ పని చెయ్యరు. స్పృహ సరిగా లేనప్పుడు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయని వాళ్లకు తెలుసు. అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, తల కాస్త ఎత్తులో ఉండేలా పడుకోబెట్టి, చీకటిగా, సడి లేని చోట పెడతారు. గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కనే ఉంచుతారు. వేడెక్కువైతే ఉడుత ఇవతలికి జరగాలి కదా!

అసలు నేర్పంతా చూపులోనే ఉంది. రెండు కంటిపాపలూ ఒకే సైజులో ఉన్నాయా, కనుగుడ్లు అదేపనిగా ఊగుతున్నాయా, ముక్కులోంచి రక్తం వస్తోందా, తల ఒకవైపే వాలుస్తోందా అని గమనించి పశువైద్యుడికి చెబుతారు. మన పెరళ్లలో తిరిగే మూడుచారల ఉడుత తూగేది సుమారు 100 గ్రాములే. అందుకే దాన్ని తూచి, ఆ బరువుకు డాక్టరు చెప్పిన మోతాదు మించకుండా మందు వేస్తారు. తేరుకుని మింగగలిగాక, సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో, నిటారుగా పట్టుకుని నీళ్లు చుక్క చుక్కగా పట్టిస్తారు. ముక్కులోంచి ఒక్క బుడగ వచ్చినా చెయ్యి టక్కున ఆగిపోతుంది. ఎంత ఓపిక!

ఆవుపాలు మాత్రం పట్టరు.

తూలిపడినా దెబ్బ తగలకుండా బోనులో కొమ్మలను మొదట బెత్తెడు ఎత్తులోనే కడతారు. వేరుశనక్కాయ తనే ఒలుచుకుని, గురి తప్పకుండా దూకగలిగాకే దొరికిన చోటికి దగ్గర్లోని చెట్ల మధ్య వదులుతారు.