పదకొండు రోజుల ముఖం

పోయిన ఆదివారం మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో పోర్ట్రెయిట్ల ప్రదర్శన చూశాను. అన్నీ ఈ తరం పిల్లలు వేసినవే. సగానికి పైగా ఫోటో చూసి వేసినవని దూరం నుంచే తెలిసిపోయింది. ఫోటోలో నీడ నల్లగా గడ్డకట్టేస్తుంది. మనిషి ఎదురుగా కూర్చుంటే అదే నీడలో కాస్త పచ్చ, కాస్త నీలం, పక్క గోడ రంగు కూడా కనిపిస్తాయి. మన చామనఛాయ ఒంటికి ఇది మరీ ముఖ్యం. నీడ కోసం నలుపు కలిపేస్తే చర్మంలో జీవం పోతుంది.

ఒక బొమ్మ దగ్గర మాత్రం కాళ్లు కదల్లేదు. వైరు కుర్చీలో ఓ పెద్దావిడ, ఒళ్లో చాట, చాటలో బియ్యం. గడ్డం కింద ఆకుపచ్చ పలచగా పారింది. కమ్మలు తీసేసిన చెవి తమ్మెలు సాగి ఉన్నాయి. తల పక్కన పాత గీత ఒకటి రంగు కింద నుంచి ఇంకా కనిపిస్తోంది. వేసినమ్మాయి అక్కడే ఉంది.

"మా నాయనమ్మండీ. పదకొండు రోజులు కూర్చుంది. మొదటి రెండు రోజులూ ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. మూడోనాడు ఉత్తినే కూర్చోలేనంటూ చాట తెచ్చుకుంది. తల వంచేసరికి అంతా మళ్లీ గీయాల్సొచ్చింది. పాత గీత చెరపబుద్ధి కాలేదు."

చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2016లో లండన్ రాయల్ అకాడమీలో పెట్టిన 82 పోర్ట్రెయిట్లు గుర్తొచ్చాయి. అందరికీ ఒకటే కుర్చీ, ఒక్కొక్కరికి రెండు మూడు రోజులు. ఒకరు రాలేకపోతే ఎదురుగా పండ్లు పెట్టుకుని వేసి, ఆ బొమ్మనూ ఆ వరసలోనే ఉంచాడు. అంతకుముందు మరో చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ హాక్నీ బొమ్మ వేస్తుంటే ఈయన వంద గంటలకు పైగా కూర్చున్నాడు. కూర్చోవడమంటే ఏమిటో తెలిసినవాడు.

మా ఇంట్లో అమ్మ బొమ్మ ఉంది. పోయాక, పెళ్లి గ్రూపు ఫోటోలోంచి ముఖం తీసి వేయించాం. ఆ చీర అమ్మది కాదు, ఆ భుజాలూ అమ్మవి కావు. పదేళ్లుగా దండ వేస్తున్నాను. ఆ కళ్లు ఒక్కసారీ నా వైపు చూసినట్టనిపించలేదు. అమ్మ కూర్చోగలిగిన రోజుల్లో మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు.

నాన్నకు 83 ఏళ్లు. మా ఇంటికొచ్చి వేస్తావా అమ్మా అని ఆ అమ్మాయినడిగాను. సంక్రాంతి సెలవుల్లో వస్తానంది. చేతికి అలవాటైన పనేదైనా దగ్గర పెట్టుకోమనండి, అంది. ఆ రాత్రే నాన్నకు చెప్పాను. ఆయన లేచి వరండాలోకి వెళ్లి, పడక్కుర్చీ గుడ్డ తడిమి చూసి, మార్పించాలన్నారు.