విల్లు కొంటే సరిపోదు

అమెరికాలోని కొలరాడోలో ఏటా సెప్టెంబర్ 2న విలుకాళ్లకు ఎల్క్ అనే పెద్ద జింక వేట సీజన్ మొదలవుతుంది. నెలాఖరు దాకానే గడువు. ప్రధాన రైఫిల్ సీజన్లు అక్టోబర్‌లో గానీ రావు. విల్లు పట్టినవాళ్లకు దక్కిన వరం ఏమిటంటే, సెప్టెంబర్ ఎల్క్‌కి ఎద కాలం. మిగతా ఏడాదంతా మనిషి జాడ తెలిస్తే చాలు మాయమైపోయే మగ ఎల్క్ ఆ నెలలో గొంతెత్తి కూస్తుంది, మరో మగదాని కూతకు బదులిస్తుంది, ఒక్కోసారి నేరుగా మీదికే వచ్చేస్తుంది. అంత అనుకూలంగా ఉన్నా పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఒట్టి చేతులతోనే కొండ దిగుతారు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ ఎనిమిదిమందిలో తామూ ఉంటామనుకునే బయల్దేరడం మంచిది.

అమెరికాలో ఈ విలువేట మళ్లీ ప్రాణం పోసుకోవడం వెనక ఒక విషాదం ఉంది. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర అడవిలోంచి ఒంటరిగా ఒక మనిషి బయటికొచ్చాడు. వలస వచ్చిన తెల్లవాళ్ల ఊచకోతల్లో తుడిచిపెట్టుకుపోయిన యాహి తెగలో మిగిలింది అతనొక్కడే. తన పేరు చెప్పలేదు, పండితులే ఇషీ అని పిలిచారు. అతనికి వైద్యం చేసిన సాక్స్‌టన్ పోప్ అనే సర్జన్ అతని దగ్గరే విల్లు చెక్కడం, బాణం కట్టడం, జంతువును పొంచి సమీపించడం నేర్చుకున్నాడు. 1916లో ఇషీ క్షయతో చనిపోయాడు. పోప్ తన మిత్రుడు ఆర్థర్ యంగ్‌తో కలిసి ఆ విద్యను కొనసాగించి, 1923లో పుస్తకం రాశాడు. 1961లో పుట్టిన విలువేటగాళ్ల సంఘానికి పోప్, యంగ్ ఇద్దరి పేర్లూ పెట్టుకున్నారు. గురువు పేరు మాత్రం అందులో లేదు.

ఇప్పటివాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది చక్రాల కాంపౌండ్ విల్లు. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దానికి 1969లో పేటెంట్ పొందాడు. నారి పూర్తిగా లాగాక చక్రాలు తిరిగి చేతిమీది భారం చాలామటుకు తగ్గిపోతుంది, గురి కోసం కాసేపు నిలబడొచ్చు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ తరహా విల్లుతోనే. అయితే ఆమె లక్ష్యం 50 మీటర్ల దూరంలో, చదునైన నేలమీద, కదలకుండా ఉంటుంది. కొండమీద ఈ మూడింటిలో ఒక్కదానికీ హామీ లేదు.

అందుకే మైదానంలో నిలబడి వంద బాణాలు వేసే సాధన ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. మోకాలిమీద కూర్చుని వేయాలి, వీపున సంచితో వేయాలి, మెట్లెక్కి దిగి ఆయాసంతో ఉన్నప్పుడు వేయాలి. పొద్దున్నే ఒంట్లో వేడి పుట్టకముందు వేసే మొదటి బాణం ఎక్కడ తగిలిందన్నదే అసలు పరీక్ష, ఎందుకంటే ఎల్క్ రెండో బాణానికి ఆగదు. సాధన మొనలతో కాక, వేటలో వాడే పదునైన బ్లేడ్ల మొనలతోనే చివరి వారాల్లో గురి సరిచూసుకోవాలి. గాలిలో వాటి నడక వేరు. వాలు లెక్క ఇంకోటి. 30 డిగ్రీల వాలుమీద 40 గజాల దూరాన ఉన్న జంతువుకు సుమారు 35 గజాల గురి పెట్టాలి. బాణం కిందికి జారేది అడ్డంగా సాగిన దూరాన్ని బట్టే. దూరం కొలిచే పరికరాలు ఈ లెక్క వేసిపెడతాయి గానీ, బ్యాటరీ అయిపోయే రోజు కూడా ఉంటుంది.

విల్లుకు డబ్బు పోసి గాలిని పట్టించుకోనివాళ్లే ఎక్కువ. ఎల్క్ కంటిని మోసగించొచ్చు, చెవినీ మోసగించొచ్చు, ముక్కును మాత్రం కుదరదు. అనుభవజ్ఞుల జేబులో పౌడరు నింపిన చిన్న సీసా ఉంటుంది. నొక్కితే తెల్లటి పొగలాంటిది వెలువడి, మన వాసన ఎటు పోతోందో కళ్లకు కట్టిస్తుంది. తెల్లవారుజామున చల్లబడ్డ గాలి లోయలోకి జారుతుంది, అప్పుడు మనిషి ఎల్క్‌కి దిగువన ఉండాలి. ఎండ పడి వాలు వేడెక్కగానే గాలి పైకి లేస్తుంది, అప్పటికి మనం ఎగువకు చేరి ఉండాలి. సాయంత్రం మళ్లీ తిరగబడుతుంది. ఈ మార్పు జరిగే కాసేపూ పౌడరు ఒకచోట నిలవదు, నాలుగు వైపులా సుడి తిరుగుతుంది. అప్పుడు మంద దగ్గర్లోనే ఉన్నా కదలకుండా కూర్చోవడమే తెలివి.

కూత అనుకరించడం కూడా ఈ గాలి లెక్కతో ముడిపడిందే. అంగిలికి ఆనించే చిన్న పొర, దానికి తోడు ఒక గొట్టం, ఇవే సాధనాలు. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు కాబట్టి చాలామంది కారులో సాధన చేస్తారు. పిలుపు విన్న మగ ఎల్క్ సూటిగా రాకుండా, గాలి తనవైపు వీచే పక్కకు చుట్టి వచ్చి వాసన చూస్తుంది. కాబట్టి పిలిచేవాడు వెనక, విల్లు పట్టినవాడు కొన్ని పదుల గజాలు ముందు ఉంటారు. అతిగా కూస్తే మాత్రం కొండంతా నిశ్శబ్దమైపోతుంది.

బాణం తగిలితే జంతువు అక్కడికక్కడే కూలదు. ఊపిరితిత్తులు తెగి, రక్తం పోయి చస్తుంది. అందుకే పక్కకు తిరిగి ఉన్నప్పుడో, కొద్దిగా అవతలికి మళ్లి ఉన్నప్పుడో తప్ప వేయకూడదు. వేశాక పరుగెత్తడం మహాపాపం. బాణం దొరికితే చూడాలి. లేత ఎరుపు నురగ ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, అరగంట ఆగి వెళ్లొచ్చు. పచ్చటి మురికి, దుర్వాసన ఉంటే పేగుల్లో తగిలినట్టు, గంటల తరబడి ఆగాలి. తొందరపడి వెంటపడితే గాయంతోనే మైళ్ల దూరం పోయి, ఎవరికీ దక్కకుండా చస్తుంది.

తర్వాతే అసలు చాకిరీ. ఎదిగిన మగది 300 కిలోలకు పైగా తూగుతుంది. ఎముకలు తీసేసినా 90 కిలోల మాంసం వస్తుంది. ఒక్కడే మోయాలంటే నాలుగు విడతలు, అదీ పదివేల అడుగుల ఎత్తున. పొట్ట చీల్చకుండా కాళ్లు, వీపు కండలు, మెడ విడదీసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో నీడన వేలాడదీస్తారు. సెప్టెంబర్ ఎండకు ముందు చెడేది తొడ ఎముక చుట్టూ ఉన్న కండే. తినదగిన మాంసం వదిలేసి రావడం కొలరాడోలో నేరం. అందువల్ల రోడ్డు నుంచి ఎంత లోపలికి వెళ్లాలన్నది కాళ్ల ఓపికను బట్టి ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సిన విషయం. బరువు సంచితో గుట్టలెక్కే నడక ఎండాకాలం మొదట్లోనే ఆరంభించాలి.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అది మన అడవులకు సరైన నిర్ణయమేనన్నది నా అభిప్రాయం. అమెరికా దారి వేరు. 20వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడ లక్షకు లోపు పడిపోయిన ఎల్క్‌లు ఇప్పుడు పది లక్షల దాకా ఉన్నాయి. తుపాకులు, తూటాలపై పన్నును 1937 చట్టంతో, విల్లంబులపై పన్నును 1970ల నుంచి వన్యప్రాణి శాఖలకు మళ్లించడం, లైసెన్సు రుసుములూ వాటికే చేరడం దానికి ఒక ముఖ్య కారణం.

అక్కడ ఉంటూ ప్రయత్నించాలనుకునే మనవాళ్లకు ఒక మాట. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు వేట భద్రతా శిక్షణ ధ్రువపత్రం లేకుండా కొలరాడో లైసెన్సు ఇవ్వదు. లైసెన్సుల లాటరీకి దరఖాస్తుల గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది, కాబట్టి శిక్షణ చలికాలంలోనే పూర్తిచేసుకోండి. వేట వద్దు, ఆ కూత వింటే చాలనుకునేవాళ్లు సెప్టెంబర్ చివర్లో సాయంత్రం పూట రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్లండి. అక్కడ వేట నిషిద్ధం, మందలు రోడ్డు పక్కకే వస్తాయి. ఫొటోల మోజులో 75 అడుగుల కన్నా దగ్గరికి మాత్రం పోకండి.